వందవాసిలో ఎదురెదురుగా ఇద్దరు ఐరిష్ సేనానులు: ఊరు విడిచినవాళ్లకు పరదేశాల్లో అధికారం ఎలా దక్కింది

1760 జనవరి 22న మద్రాసుకు నైరుతి దిక్కున ఉన్న వందవాసి కోట బయట ఫ్రెంచి, ఇంగ్లీషు సైన్యాలు తలపడ్డాయి. దక్షిణాదిలో పాగా వేయాలన్న ఫ్రెంచివాళ్ల ఆశ ఆ రోజుతో అడుగంటింది. ఇంతవరకు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. గెలిచిన ఐర్ కూట్ ఐర్లాండ్‌లోని లిమరిక్ కౌంటీలో పుట్టాడనీ, ఓడిన కౌంట్ లాలీ తండ్రి అదే ఐర్లాండ్‌లోని గాల్వే కౌంటీ నుంచి ప్రవాసం పోయినవాడనీ మాత్రం ఆ పుస్తకాలు సాధారణంగా చెప్పవు. అంతకు ముందు ఏడాది మన కోస్తాలో ఫ్రెంచివాళ్లను చావుదెబ్బ కొట్టిన కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ కూడా ఐరిష్‌వాడే. అతనిది డౌన్ కౌంటీలోని సీఫోర్డ్.

ఇదేదో కాకతాళీయంగా జరిగింది కాదు. 17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా ఏ దేశ చరిత్ర తిరగేసినా ఐరిష్ పేర్లు తగులుతూనే ఉంటాయి. స్పెయిన్ ప్రధానమంత్రి, రష్యా ఫీల్డ్ మార్షల్, పెరూ వైస్రాయ్, చిలీకి స్వాతంత్ర్యం తెచ్చిన నేత, అర్జెంటీనా నౌకాదళ స్థాపకుడు, ఆస్ట్రేలియాలో ఒక వలసరాజ్యపు ప్రీమియర్ ఇలా. దీనికి ఎక్కువమంది చెప్పే కారణం "వాళ్ల రక్తంలోనే పోరాటం ఉంది" అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ దాంతో ఏదీ తేలదు. రక్తమే కారణమైతే లాలీ, కూట్ ఒకే వైపు ఉండాలి. వాళ్లను చెరో వైపు నిలబెట్టింది చట్టం. పరాయి దేశంలో పైకి తెచ్చినవి రెజిమెంటు, సిఫారసు ఉత్తరం, వర్తకుల ఓడ, ఆ తర్వాతి కాలంలో ఓటు. ఒక్కో కాలంలో దారి ఒక్కోలా ఉంది. వాటన్నిటినీ ఒకే కథగా చెప్పడంతోనే చిక్కు వస్తోంది.

చట్టం మూసేసిన దారులు

1641లో, ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్న ఐర్లాండ్ భూమిలో దాదాపు 59 శాతం కాథలిక్కుల చేతిలో ఉండేది. ఇంగ్లీషు సేనాని క్రామ్‌వెల్ జప్తుల తర్వాత, 1688 నాటికి అది 22 శాతానికి పడిపోయింది. కాథలిక్కు రాజు జేమ్స్ మీద ప్రొటెస్టంటు విలియం రాజు గెలిచాక 1703 నాటికి 14 శాతం మిగిలింది. జనాభాలో నాలుగింట మూడు వంతుల చేతిలో ఉన్న భూమి అంతే.

ఆ మిగిలినదాన్ని కరగబెట్టడానికి వరసగా చట్టాలు వచ్చాయి. 1695లో కాథలిక్కు దగ్గర ఆయుధం ఉండకూడదన్నారు. 5 పౌండ్లకు మించిన గుర్రం ఉండకూడదన్నారు. ఏ ప్రొటెస్టంటైనా ఆ 5 పౌండ్లు చేతిలో పెట్టి గుర్రాన్ని తోలుకుపోవచ్చు. పిల్లల్ని చదువుకు విదేశాలకు పంపడం నేరమైంది. 1704 చట్టం ప్రకారం కాథలిక్కు చనిపోతే భూమి కొడుకులందరికీ సమానంగా పంచాలి. మనకిది న్యాయంగానే తోస్తుంది. కానీ దాని ఉద్దేశం వేరు. పెద్దకొడుకు ప్రొటెస్టంటుగా మారితే మొత్తం అతనికే వస్తుంది. మారకపోతే ఎస్టేటు రెండు మూడు తరాల్లో ముక్కలైపోయి కుటుంబం మామూలు రైతు స్థాయికి దిగిపోతుంది. కాథలిక్కు కొత్తగా భూమి కొనకూడదు, 31 ఏళ్లకు మించి కౌలుకు తీసుకోకూడదు. సైన్యంలో అధికారి కాలేడు, లాయరు కాలేడు, 1728 నుంచి ఓటు కూడా లేదు.

పేరున్న కాథలిక్కు ఇంట్లో పుట్టిన కుర్రాడికి ఇక మిగిలినవి మూడు పనులు: ఫాదరీ కావడం, వర్తకం, పరాయి రాజు సైన్యం. మూడూ సముద్రం అవతలే. సలమాంకా, లూవెన్, పారిస్, రోమ్‌లలో ఐరిష్ కళాశాలలు ఉండేవి. కాడిజ్, నాంట్, బోర్డో రేవుల్లో ఐరిష్ వర్తకుల కొట్లు ఉండేవి. ఫ్రాన్స్, స్పెయిన్ సైన్యాల్లో ఐరిష్ రెజిమెంట్లు ఉండేవి. ఈ మూడూ కలిసే పనిచేశాయి. ఫాదరీ చదువు చెప్పి ఉత్తరం రాసిస్తాడు, వర్తకుడు ఓడలో చోటిచ్చి డబ్బు చేరవేస్తాడు, రెజిమెంటులో ఉన్న మేనమామో పినతండ్రో కొలువు చూస్తాడు.

కూట్, ఫోర్డ్‌ల కుటుంబాలు ప్రొటెస్టంటువి. వాళ్లకు బ్రిటిష్ సైన్యంలో కమిషన్, అంటే అధికారి హోదా, దొరకడానికి చట్టం అడ్డు కాలేదు. లాలీ కుటుంబానికి అడ్డైంది. వందవాసిలో గీత గీసింది ఆ తేడాయే.

రెజిమెంటే ఊరు

1607లో అల్‌స్టర్ ప్రభువులు హ్యూ ఓనీల్, రోరీ ఓడొనెల్ రాత్‌మల్లన్ రేవు నుంచి యూరప్‌కు ఓడ ఎక్కడంతో ఈ ప్రవాహం మొదలైందనుకోవచ్చు. కానీ అసలు పెద్ద వలస 1691 అక్టోబరు 3న లిమరిక్ ఒప్పందం తర్వాత జరిగింది. ఓడిన జాకబైట్ సైన్యానికి, అంటే జేమ్స్ రాజు పక్షంవాళ్లకు, ఫ్రాన్స్ వెళ్లేందుకు వీలు కల్పించారు. పాట్రిక్ సార్స్‌ఫీల్డ్ వెంట సుమారు 14,000 మంది సైనికులు, వాళ్లతో వేలమంది ఆడవాళ్లు, పిల్లలు వెళ్లిపోయారు. చరిత్రలో వీళ్లను 'అడవి బాతులు' అంటారు. సార్స్‌ఫీల్డ్ రెండేళ్లకే, 1693లో, లాండెన్ యుద్ధంలో తగిలిన గాయాలతో చనిపోయాడు.

ఫ్రాన్స్‌లో వీళ్ల రెజిమెంట్లకు కల్నల్ పేరే రెజిమెంటు పేరు: డిల్లన్, క్లేర్, బల్క్‌లీ, లాలీ. కల్నల్ అంటే యుద్ధంలో ముందు నడిచేవాడే కాదు, ఆ రెజిమెంటుకు ఒక రకంగా యజమాని. అధికారులను ఎంచడంలో అతని మాట నెగ్గేది. డిల్లన్ రెజిమెంటు దాదాపు వందేళ్లు ఒకే కుటుంబం చేతిలో ఉంది. గాల్వే నుంచో క్లేర్ నుంచో వచ్చిన కుర్రాడు ముందు కాడెట్‌గా చేరతాడు. పైకి వెళ్లాలంటే తాను కులీన వంశంవాడినని కాగితం చూపాలి, ఎందుకంటే ఆ రోజుల్లో యూరప్ సైన్యాల్లో అధికారి హోదా ఎక్కువగా పెద్ద వంశాలవాళ్లకే దక్కేది. ఆస్తి పోయినా వంశవృక్షం ఉంటే చాలు. పారిస్ పక్కన సెన్-జెర్మెన్‌లో ప్రవాసంలో ఉన్న జేమ్స్ రాజు కొలువులో జేమ్స్ టెర్రీ అనే అధికారి పని ఇలాంటి వంశపత్రాలు రాసి ముద్ర వేసివ్వడమే. వాటిలో కొన్ని గొప్పలు కలిసి ఉంటాయి కాబట్టి ఇప్పుడు చదివేవాళ్లు వాటిని ఆచితూచి నమ్మాలి.

రాజులకు వీళ్లంటే ఎందుకంత మోజు? స్థానిక ప్రభువుకు సొంత ఎస్టేటు, సొంత ముఠా, సొంత లెక్కలు ఉంటాయి. ప్రవాసికి రాజు తప్ప దిక్కు లేదు, వెనక్కి వెళ్లడానికి ఇల్లూ లేదు. పైగా ఇంగ్లండుకు శత్రువు, కాథలిక్కు. ఆ నిస్సహాయతనే రాజులు విశ్వాసపాత్రత కింద లెక్కగట్టారు.

ఇందులో మోసపోయే చోటు కూడా ఉంది. యుద్ధం ఆగితే కొలువు పోతుంది. 1697లో శాంతి కుదరగానే ఫ్రాన్స్ చాలా ఐరిష్ దళాలను రద్దు చేసింది. అధికారులు రోడ్డున పడ్డారు. వాళ్లలో ఒకడు పీటర్ లేసీ. లిమరిక్ కౌంటీవాడు, 13 ఏళ్లకే లిమరిక్ కోట రక్షణలో ఉన్నాడు. ఫ్రాన్స్ వదిలి 1700లో రష్యాలో చేరాడు, పోల్తావాలో పోరాడాడు, ఫీల్డ్ మార్షల్ అయ్యాడు, 1751లో లివోనియా గవర్నరుగా రీగాలో చనిపోయాడు. అతని కొడుకు ఫ్రాంజ్ మోరిట్జ్ లేసీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టి ఆస్ట్రియాలో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. పేరు దక్కని వేలమంది మాత్రం బెల్జియం పొలాల్లో, ఇటలీ కోటల కింద కలిసిపోయారు. ఆ సంగతి ఫీల్డ్ మార్షళ్ల జాబితాలో కనబడదు.

లాలీ పతనం, మన కోస్తా

లాలీ 1702లో ఫ్రాన్స్‌లోని రోమాన్ పట్టణంలో పుట్టాడు. 1745లో ఫోంటెనాయ్‌లో ఐరిష్ బ్రిగేడ్ ఇంగ్లీషువాళ్లను వెనక్కి నెట్టినప్పుడు తన రెజిమెంటుకు తానే ముందు నడిచాడు. ధైర్యానికి లోటు లేదు. 1758 ఏప్రిల్‌లో పుదుచ్చేరిలో దిగి జూన్ మొదటి వారానికల్లా కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోట పట్టేశాడు.

ఆ తర్వాత అంతా దిగజారుడే. ఖజానాలో డబ్బు లేదు. పాత బాకీ వసూలు చేస్తానని తంజావూరు మీదికి పోయి వట్టిచేతులతో తిరిగొచ్చాడు. ఎద్దులూ కూలీలూ దొరక్కపోతే పుదుచ్చేరి జనాన్ని కులాచారం ఏమాత్రం పట్టించుకోకుండా పట్టుకొచ్చి బండ్లు లాగించాడు. ఊరు మొత్తం దూరమైపోయింది. వీటికన్నా పెద్ద పొరపాటు హైదరాబాదులో నిజాం సలాబత్ జంగ్ దగ్గర ఏళ్ల తరబడి పలుకుబడి సంపాదించిన ఫ్రెంచి సేనాని బుస్సీని వెనక్కి పిలిపించడం.

దీని బరువు తెలియాలంటే ఉత్తర సర్కార్ల లెక్క చూడాలి. ఫ్రెంచి దళాల జీతాల కోసమే సలాబత్ జంగ్ ఆ జిల్లాల శిస్తును వాళ్లకు రాసిచ్చాడు. బుస్సీ కదలగానే, బొబ్బిలి యుద్ధం తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనంద గజపతి విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. క్లైవ్ బెంగాల్ నుంచి ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చెందుర్తి వద్ద యుద్ధం జరిగింది. ఫోర్డ్ చేతిలో సుమారు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు ఉన్నారు. ఫ్రెంచి వైపు సిపాయిల సంఖ్య దానికి మూడింతలు. బెంగాల్ సిపాయిలు ఎర్రకోట్లు వేసుకున్నారు. యూరోపియన్ దళం ఏపుగా పెరిగిన పైరు చాటున ఉండిపోయింది. ఎర్రకోట్లు కనబడగానే అవే ఇంగ్లీషు దళాలనుకుని ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ తన ముఖ్యబలాన్ని అటు నడిపించాడు. సిపాయిలు వెనక్కి తగ్గారు, ఫ్రెంచివాళ్లు వరస చెదిరి తరిమారు, అప్పుడు పైరులోంచి లేచిన దళం పక్కనుంచి కొట్టింది.

తర్వాత బందరు. 1759 ఏప్రిల్ 7 నాటికి ఫోర్డ్ దగ్గర రెండు రోజులకు సరిపడా మందుగుండు మిగిలింది. వెనకనుంచి సలాబత్ జంగ్ సైన్యం వస్తోంది. ఆ రాత్రి ఒక దళాన్ని బురదనేల వైపు నుంచి ఉత్తుత్తి దాడికి పంపి, అసలు దాడి మరో బురుజు మీద చేసి తెల్లవారేలోపు కోట పట్టాడు. లోపల లొంగిపోయినవాళ్లు బయటనుంచి దాడి చేసినవాళ్లకన్నా ఎక్కువ. అదంతా చూసిన సలాబత్ జంగ్ మే నెలలో బందరునూ చుట్టుపక్కల తీరాన్నీ ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు.

శిస్తు పోయింది, జీతాలు ఆగాయి. అదే ఏడాది శరదృతువులో లాలీ సైనికులు తిరగబడ్డారు. మూడు నెలలకు వందవాసి. అక్కడ ఫ్రెంచి వరసలో మందుగుండు బండి పేలిపోవడం ఓటమిని తొందరపెట్టింది గానీ, ఓటమి విత్తనం కోస్తాలోనే పడిందని నా అభిప్రాయం. 1761 జనవరిలో పుదుచ్చేరి లొంగిపోయింది. ఖైదీగా ఇంగ్లండుకు తీసుకుపోతే, తన మీది నిందలకు జవాబు చెబుతానని లాలీ తానే ఫ్రాన్స్ వెళ్లాడు. బాస్తీలు జైల్లో పెట్టి విచారించి 1766 మే 9న పారిస్‌లో తల నరికారు, మాట్లాడకుండా నోటికి గుడ్డ కుక్కి మరీ. లాలీకి న్యాయం కోసం రచయిత వోల్టేర్ పోరాడాడు, 1778లో రాజు మండలి ఆ తీర్పు కొట్టేసింది. పరాయివాణ్ని కొలువులో పెట్టుకోవడంలో రాజుకు ఉన్న రెండో సౌకర్యం ఇదే. ఓడినప్పుడు నింద అతని మీద వేస్తే అడ్డుకునే బంధుబలగం ఉండదు.

గెలిచిన ఫోర్డ్‌కూ కంపెనీ డైరెక్టర్లు సరైన హోదా ఇవ్వలేదు. 1769లో మళ్లీ భారతదేశానికి బయలుదేరిన అరోరా ఓడతో పాటే అతనూ సముద్రంలో గల్లంతయ్యాడు.

ఎవరు ఐరిష్?

ఇలాంటి జాబితాలు చదివేటప్పుడు ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ మనిషి ఐర్లాండ్‌లో పుట్టి వెళ్లాడా, ప్రవాసి బిడ్డా, లేక ఇంటిపేరు మాత్రమే మిగిలిందా? పీటర్ లేసీ మొదటి రకం. లాలీ, 1754 నుంచి 1763 దాకా స్పెయిన్ ప్రధానమంత్రిగా ఉన్న రికార్డో వాల్ రెండో రకం. వాల్ నాంట్‌లో పుట్టాడు. ఈ రెండు రకాలవాళ్లకూ ఐరిష్ బంధుత్వం రోజువారీ జీవితంలో పనికొచ్చింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు మక్‌మాన్, స్పెయిన్‌ను 19వ శతాబ్దంలో ఏలిన లియోపోల్డో ఓడొనెల్, ఆస్ట్రియా ప్రధాని ఎడ్వర్డ్ టాఫే మూడో రకం. వీళ్లు తరాలుగా ఆ దేశపు కులీనులే. చే గువేరా తండ్రి పేరులో 'లించ్' ఉంది కదా అని చేని ఐరిష్ విప్లవకారుల్లో చేరిస్తే చరిత్ర తెలిసేదేమీ లేదు. ఐరిష్ రెజిమెంట్లలో కూడా 18వ శతాబ్దం గడిచేకొద్దీ అధికారులే ఐరిష్‌వాళ్లు, సైనికుల్లో ఎక్కువమంది ఇతర జాతులవాళ్లు.

స్పెయిన్ నుంచి ఆండీస్ దాకా ఒక గొలుసు

ఈ బంధుత్వం ఎలా పనిచేసిందో చూడాలంటే చిలీ కథకు మించింది లేదు. ఆంబ్రోసియో ఓహిగ్గిన్స్ 1720 ప్రాంతంలో స్లైగో కౌంటీ బాలినేరీలో, భూములు పోయిన ఇంట్లో పుట్టాడు. కాడిజ్‌లో ఐరిష్ వర్తకుల దగ్గర గుమస్తాగా మొదలై దక్షిణ అమెరికా చేరాడు. వర్తకంలో పెద్దగా కలిసిరాలేదు. నలభయ్యో పడిలో ఐరిష్ సైనిక ఇంజినీరు జాన్ గార్లాండ్ వెంట చిలీ వెళ్లాడు. ఆండీస్ పర్వతాలు దాటేటప్పుడు మంచులో టపా ఆగిపోవడం చూసి, కనుమ పొడవునా ఇటుకలతో చిన్న ఆశ్రయ గృహాలు కట్టించాడు. వాటివల్ల చలికాలంలో కూడా టపా నడిచింది. అతన్ని పైవాళ్లు గుర్తించడానికి కారణం యుద్ధం కాదు, ఈ గదులు. 1788లో చిలీ గవర్నరు అయ్యాడు, స్థానిక ఇండియన్లతో వెట్టి చేయించే ఎంకోమియెండా పద్ధతిని రద్దు చేశాడు, 1796లో పెరూ వైస్రాయ్ అయ్యాడు.

ఇక్కడ గొలుసు చూడండి. మీత్ కౌంటీలో పుట్టిన అలెహాండ్రో ఓరైలీ స్పెయిన్‌లో జనరల్. తన బంధువుల కుర్రాడు, టైరోన్ కౌంటీవాడు, జాన్ మెకెన్నాను స్పెయిన్‌కు రప్పించి బార్సిలోనాలో గణితం, ఇంజినీరింగ్ చదివించాడు. మెకెన్నా పెరూ చేరాక వైస్రాయ్ ఓహిగ్గిన్స్ అతన్ని ఓసోర్నో పట్టణానికి గవర్నరుగా వేశాడు. ఆ మెకెన్నాయే తర్వాత వైస్రాయ్ కొడుకు బెర్నార్డోకు యుద్ధవిద్యలో సలహాదారు అయ్యాడు, అదీ స్పెయిన్ రాజుకు ఎదురుగా.

బెర్నార్డో 1778లో చిల్లాన్‌లో ఇసాబెల్ రికెల్మేకు పుట్టాడు. తల్లిదండ్రులకు పెళ్లి కాలేదు. స్పెయిన్ అధికారులు పనిచేసే చోట స్థానిక స్త్రీని పెళ్లి చేసుకోవాలంటే రాజు అనుమతి కావాలి. తండ్రి కొడుకును దగ్గరికి రానివ్వలేదు గానీ చదువుకు ఇంగ్లండు పంపాడు. అక్కడ విప్లవకారుడు మిరాండా శిష్యరికం దొరికింది. తండ్రి చనిపోయాకే ఓహిగ్గిన్స్ పేరూ, ఎస్టేటూ దక్కాయి. 1814 అక్టోబరులో రాంకాగ్వాలో చిత్తుగా ఓడి ఆండీస్ దాటి పారిపోయాడు, 1817 ఫిబ్రవరి 12న అర్జెంటీనా సేనాని సాన్ మార్టిన్‌తో కలిసి చకబూకోలో గెలిచాడు, సుప్రీం డైరెక్టరు, అంటే చిలీ దేశాధినేత, అయ్యాడు. బిరుదులు రద్దు చేసి, పెద్దకొడుకుకే ఎస్టేటు దక్కే పద్ధతి మీద చెయ్యి వేయడంతో భూస్వాములు ఎదురుతిరిగారు. 1823లో దిగిపోయి, పెరూలో ప్రవాసిగా 1842లో చనిపోయాడు. మెకెన్నా అంతకు చాలా ముందే, 1814లో, బ్యూనస్ ఐరెస్‌లో లూయిస్ కరేరాతో ద్వంద్వయుద్ధంలో చనిపోయాడు.

మేయో కౌంటీ ఫాక్స్‌ఫర్డ్‌లో పుట్టిన విలియం బ్రౌన్ దారి వేరు. చిన్నప్పుడే తండ్రితో అమెరికా వెళ్లి, తండ్రి పచ్చజ్వరంతో పోతే ఓడలో కుర్రపనివాడిగా చేరాడు. వర్తక ఓడల మీద నేర్చిన విద్యతో 1814లో మాంటెవీడియో దగ్గర స్పెయిన్ నౌకాదళాన్ని ఓడించి అర్జెంటీనా నౌకాదళ పితామహుడయ్యాడు.

ఈ గెలుపుల పక్కన ఒక వైఫల్యం చెప్పకపోతే లెక్క తప్పుతుంది. వెక్స్‌ఫర్డ్‌వాడు జాన్ డెవరూ, దక్షిణ అమెరికాలో స్పెయిన్ మీద పోరాడుతున్న బొలివార్ కోసం ఐరిష్ లెజియన్ కూడగడతానని అధికారి పదవులు డబ్బుకు అమ్మాడు, జీతం, భూమి ఇస్తామని ఆశ పెట్టాడు. 1819 చివర మార్గరీటా దీవిలో దిగినవాళ్లకు తిండి లేదు, జీతం లేదు, జ్వరాలు పట్టుకున్నాయి. 1820లో రియోహాచాలో తిరగబడితే చాలామందిని జమైకాకు పంపేశారు. ఉండిపోయినవాళ్లలో కార్క్‌వాడు ఫ్రాన్సిస్ బర్డెట్ ఓకానర్ చివరికి బొలీవియాలో స్థిరపడ్డాడు. రెజిమెంటు, బంధుత్వం, ఖజానా మూడింటిలో ఏదీ లేకుండా పోయినవాళ్లకు జరిగేది ఇదే.

చేతులు మారుతున్న తొమ్మిది మంది జాబితా

చాలాకాలంగా తిరుగుతున్న ఒక కథ ఉంది. 1848లో ఐర్లాండ్‌లో తొమ్మిది మందికి ఒకే కోర్టులో మరణశిక్ష పడిందట, ద్వీపాంతరం పంపారట, 1874లో విక్టోరియా రాణి ఆరా తీస్తే వాళ్లంతా దేశదేశాల్లో ప్రధానమంత్రులు, జనరల్స్, గవర్నర్లు అయ్యారట. చదవగానే ఒళ్లు పులకరిస్తుంది. అందులో సగం కల్పన.

నిజం ఇది. 1848 జులైలో టిప్పరరీ కౌంటీ బాలింగారీలో జరిగిన చిన్న తిరుగుబాటుకు గాను క్లాన్‌మెల్‌లో మరణశిక్ష పడింది నలుగురికి: స్మిత్ ఓబ్రయన్, మక్‌మేనస్, మార్, ఓడొనహ్యూ. శిక్షను తగ్గించి టాస్మానియాకు పంపారు. ఆ తొమ్మిది మంది జాబితాలో ఉన్న జాన్ మిచెల్‌కు అంతకు ముందే, వేరే కేసులో, 14 ఏళ్ల ద్వీపాంతరం పడింది. గావన్ డఫీ మీద ఎన్నిసార్లు కేసు నడిపినా జ్యూరీ దోషిగా తేల్చలేదు. డార్సీ మెగీ అసలు దొరకనే లేదు, ఫాదరీ వేషంలో అమెరికా పారిపోయాడు. ఓగార్మన్ కూడా తప్పించుకుని న్యూయార్క్‌లో లాయరై, జడ్జి అయ్యాడు, ఏ దేశానికీ గవర్నరు కాలేదు. అమెరికా సైన్యంలో జనరల్స్ అయ్యారని చెప్పే ఓడొనహ్యూ 1854లోనే, మక్‌మేనస్ 1861 జనవరిలోనే చనిపోయారు. అమెరికా అంతర్యుద్ధం మొదలైంది 1861 ఏప్రిల్‌లో. ఆ కథలో చెప్పే 'ఆస్ట్రేలియా అటార్నీ జనరల్' అన్నది 1874లో ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే ఆస్ట్రేలియా ఒక దేశంగా ఏర్పడిందే 1901లో.

నిజంగా జరిగింది తక్కువేం కాదు. డఫీ 1871లో విక్టోరియా ప్రీమియర్ అయ్యాడు. అంతకు ముందు 1862లో చిన్న రైతులకు భూమి దక్కాలని చట్టం తెచ్చాడు, కానీ పెద్ద గొర్రెల యజమానులు బినామీలతో దరఖాస్తులు పెట్టించి ఆ భూమినే మింగేశారు. మెగీ కెనడా సమాఖ్య నిర్మాతల్లో ఒకడై, ఐరిష్ సాయుధ విప్లవకారులైన ఫీనియన్ల హింసను వ్యతిరేకించి, 1868 ఏప్రిల్ 7న ఒట్టావాలో కాల్పులకు బలయ్యాడు. మిచెల్ టాస్మానియా నుంచి తప్పించుకుని అమెరికా చేరి బానిసత్వాన్ని బాహాటంగా సమర్థించాడు. అతని ముగ్గురు కొడుకులు దక్షిణ రాష్ట్రాల సైన్యంలో పోరాడితే ఇద్దరు పోయారు. తన జాతి స్వేచ్ఛ కోసం జైలుకెళ్లిన మనిషి మరో జాతి సంకెళ్లను సమర్థించిన సంగతి ఏ గౌరవ జాబితాలోనూ దాచకూడదు.

ఓటే ఆయుధమైన చోట

1845 నుంచి ఐర్లాండ్‌లో కరువు పది లక్షలమందిని చంపింది, దాదాపు అంతమందిని ఓడ ఎక్కించింది. వీళ్ల దగ్గర వంశపత్రాలు లేవు, చాలామందికి ఇంగ్లీషు కూడా అంతంతమాత్రం. కానీ న్యూయార్క్‌లో మగవాడికి ఐదేళ్ల నివాసంతో పౌరసత్వం, దాంతో ఓటు వచ్చేవి. ఐర్లాండ్‌లోనైతే 1829లో కాథలిక్కులకు పార్లమెంటు తలుపు తీసిన చేత్తోనే ఓటుకు ఆస్తి అర్హతను 40 షిల్లింగుల నుంచి 10 పౌండ్లకు పెంచారు. కౌంటీ ఓటర్లు 2 లక్షలకు పైనుంచి 40 వేల లోపుకు పడిపోయారు.

న్యూయార్క్‌లో డెమొక్రటిక్ పార్టీ స్థానిక యంత్రాంగమైన టామనీ హాల్ ఆ తేడాను పట్టుకుంది. పౌరసత్వానికి ముందుగా ఉద్దేశ ప్రకటన ఇవ్వాలి, నివాసానికి సాక్షి కావాలి, కోర్టు రుసుం కట్టాలి. టామనీ మనుషులు రుసుం కట్టారు, సాక్షుల్ని తెచ్చారు, ఎన్నికల ముందు జడ్జీల చేత గుంపులు గుంపులుగా ప్రమాణం చేయించారు. దొంగ సాక్ష్యాలూ జరిగాయి. బదులుగా పోలీసు, అగ్నిమాపకం, రోడ్డు పనుల్లో కొలువులు. అలా 1880లో ఐర్లాండ్‌లో పుట్టిన విలియం గ్రేస్ న్యూయార్క్ మేయరుగా ఎన్నికయ్యాడు.

అంతర్యుద్ధంలో ఇదే లెక్క సైన్యంలోకి వెళ్లింది. రెజిమెంటుకు 10 కంపెనీలు, కంపెనీకి సుమారు 100 మంది. మనుషుల్ని తెచ్చినవాడికే తరచుగా కెప్టెన్ పదవి. టాస్మానియా నుంచి పారిపోయి వచ్చిన తామస్ మార్‌కు ఉపన్యాసమే పెట్టుబడి, దాంతోనే ఐరిష్ బ్రిగేడ్ కూడగట్టి బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1862 డిసెంబరు 13న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఆ బ్రిగేడ్ సుమారు 1,200 మందితో గుట్ట ఎక్కి మృతులు, క్షతగాత్రులు, గల్లంతైనవాళ్లు కలిపి 545 మందిని పోగొట్టుకుంది. ఆ తర్వాత భర్తీ పడిపోయింది. 300 డాలర్లు కడితే నిర్బంధ సైనికసేవ తప్పుతుందని 1863లో చట్టం వచ్చింది. కూలీకి అది ఏడాది సంపాదన. జులైలో న్యూయార్క్ భగ్గుమంది. అల్లరిమూకల్లో ఐరిష్‌వాళ్లే ఎక్కువ, బలైంది నల్లజాతివాళ్లు. వాళ్ల అనాథాశ్రమాన్ని కూడా తగలబెట్టారు. మార్ తర్వాత మోంటానా ప్రాంతానికి తాత్కాలిక గవర్నరుగా వెళ్లి, 1867 జులై 1న ఫోర్ట్ బెంటన్ దగ్గర స్టీమరు మీదినుంచి మిసోరీ నదిలో పడి చనిపోయాడు.

ఇక్కడిదాకా చెప్పిన దారులన్నీ మగవాళ్లవి. రెజిమెంటూ, టామనీ హాలూ ఆడవాళ్లకు అక్కరకు రాలేదు. పరదేశ రాజకీయాల్లో నిలిచిన ఐరిష్ స్త్రీ ఎవరని వెతికితే మదనపల్లె దాకా రావాలి. రోస్‌కామన్ కౌంటీ బాయిల్‌లో పుట్టిన మార్గరెట్ కజిన్స్ ఐర్లాండ్‌లో స్త్రీల ఓటు కోసం జైలుకెళ్లి, 1915లో భర్త జేమ్స్‌తో భారతదేశం వచ్చారు. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె కళాశాలకు వచ్చినప్పుడు జనగణమనకు ఆమె స్వరలిపి రాసిన సంగతి మనకు బాగా తెలుసు. ఆమె రాజకీయ పని అంతకన్నా పెద్దది, అది తక్కువ తెలుసు. 1917లో అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ స్థాపనలో ముందున్నారు. అదే డిసెంబరులో మద్రాసు వచ్చిన భారత వ్యవహారాల మంత్రి మాంటేగును సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల బృందం కలిసి ఓటు అడిగినప్పుడు దాని వెనక ఉన్నది ఆమే. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటిచ్చింది. ఆస్తి అర్హత ఉండటంతో కొద్దిమందికే దక్కింది. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా బహిరంగసభలో మాట్లాడినందుకు ఆమెకు ఏడాది శిక్ష వేసి వేలూరు జైలుకు పంపారు.